మాల వేసుకోకుండానే అలవాటు మానడం ఎలా?

కార్తీకం వచ్చిందంటే హన్మకొండ, వరంగల్, కాజీపేట వీధుల నిండా నల్లబట్టలు కనిపిస్తాయి. నిన్నటిదాకా రోజుకో సిగరెట్ పెట్టె ఖాళీ చేసినవాడు, సాయంత్రమైతే వైన్ షాపు ముందు నిలబడినవాడు మాల పడిన గంట నుంచి వాటిని ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, సాయంత్రం భజన. ఇలా 41 రోజులు. శబరిమల పోయి వచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్లీ అదే దుకాణం ముందు కనబడేవాళ్లూ ఉంటారు. వాళ్లను చూసి నవ్వుకోవడం మనకు మామూలే. నాకు మాత్రం అందులో రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, "నా వల్ల కాదు" అన్న మాట నిజం కాదని ఆయనే రుజువు చేశాడు. రెండోది, అన్ని రోజులు ఆయన్ను నిలబెట్టింది పట్టుదల ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న ఏర్పాటు. లేచే వేళ, కట్టుకునే బట్ట, తినే తిండి, సాయంత్రం కూర్చునే మనుషులు అన్నీ మారాయి. కనిపించిన ప్రతివాడూ "స్వామీ" అన్నాడు. మాల తీయగానే అవన్నీ ఒకేసారి పోయాయి, అలవాటు మాత్రం వదిలిన చోటే ఉంది. రంజాన్‌లో సహరీ నుంచి ఇఫ్తార్ దాకా సిగరెట్ ముట్టని వాళ్ల సంగతీ ఇంతే.

దేవుణ్ని పక్కన పెట్టమని చెప్పడం లేదు. అలాంటి ఏర్పాటును సొంతంగా, ఏడాది పొడవునా నిలిచేలా చేసుకోవడం ఎలాగన్నదే ఇక్కడి విషయం. గుట్కా కావచ్చు, మందు కావచ్చు, రాత్రి రెండింటి దాకా ఫోన్ కావచ్చు, ఇంట్లో చీటికీమాటికీ అరవడం కావచ్చు. దేనికైనా దారి దాదాపు ఒకటే. ఒక్క మినహాయింపు ఉంది, అది రెండో మెట్టులో చెప్తాను. దాన్ని మాత్రం దాటేయకండి.

మొదటి మెట్టు: ఇది ఎవరి పని?

ఒక కాగితం తీసుకుని నిలువుగా మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క నా చేతిలో లేనివి, కుడి పక్క ఉన్నవి.

"పత్తికి ధర రాలేదు, అప్పు పెరిగింది, అందుకే తాగుతున్నా" అనే రైతు ఉన్నాడనుకోండి. ధర రాకపోవడం నిజం, అప్పూ నిజమే. ఎనుమాముల మార్కెట్లో క్వింటాలు ఎంత పలకాలో ఆయన నిర్ణయించడు. తేమ ఎక్కువుందని ధర కోస్తే ఆయన చేయగలిగింది తక్కువ. అవన్నీ ఎడమ పక్క రాయాలి, ఏ సంకోచమూ లేకుండా రాయాలి. పైసలు చేతికొచ్చాక బండి ఏ దారిన పోవాలన్నది కుడి పక్కది. బాపు తాగేవాడు కాబట్టి నాకూ అలవాటైంది, ఇంటర్లో దోస్తు మొదటి ప్యాకెట్ చేతిలో పెట్టాడు, ఇవి ఎడమవైపు. ఇవాళ సాయంత్రం పాన్ డబ్బా దగ్గర జేబులోంచి డబ్బు తీసేది నేనే, ఇది కుడివైపు.

అలవాటు రావడంలో మీ తప్పు ఏమీ ఉండకపోవచ్చు. పోగొట్టే పని మాత్రం మీ మీదే పడింది. న్యాయమా అంటే కాదు, అయినా అంతే. మిమ్మల్ని మీరు తిట్టుకోవడం కూడా ఎడమ పక్కకే వెళ్తుంది. తాగి ఏడుస్తూ "నేను పనికిరానోణ్ని" అనేవాడు బాధ్యత తీసుకున్నట్టు కనిపిస్తాడు కానీ మర్నాడు పొద్దున చేయాల్సిన పని ఒక్కటీ అందులో ఉండదు. కాగితం మీద కుడి పక్క రాసేది ఏదైనా రేపు చేయగలిగే పనై ఉండాలి.

మన దగ్గర ఈ బాధ్యతను ఇతరుల మీదకు నెట్టే పద్ధతులు మూడున్నాయి. మూడూ పైకి గొప్ప నిర్ణయాల్లా కనబడతాయి. పిల్లల తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయడం మొదటిది. నాన్న ఒట్టు తప్పితే తనకేమవుతుందోనని భయపడుతూ పడుకునేది ఆ ఏడేళ్ల పిల్ల. దయచేసి ఇది చేయకండి, చేసి ఉంటే ఆ పిల్లను కూర్చోబెట్టుకుని ఆ ఒట్టుకూ నీకూ సంబంధం లేదని చెప్పండి. భార్యను కాపలా పెట్టడం రెండోది. "నువ్వే నా జేబులు చూడు, నువ్వే ఆపు" అంటే ఆమెకు పోలీసు ఉద్యోగం ఇచ్చినట్టు. దొరకకుండా తాగడం మీ కొత్త అలవాటవుతుంది, గొడవ మొదలైతే "నీ పోరు పడలేకే" అన్న సాకు కూడా దొరుకుతుంది. మూడోది "డాక్టర్ వద్దన్నాడు". నిజంగా అని ఉంటే సరే. లేకుంటే నాలుగు నెలల తర్వాత దోస్తులే "రిపోర్టులు నార్మల్ వచ్చినయ్ కదా, ఒక్కటేసుకో" అంటారు.

రెండో మెట్టు: ఒక్కసారిగా ఆపకూడనివి

రోజూ తాగేవాళ్లు, ముఖ్యంగా పొద్దున లేవగానే చేతులు వణికి ఒక క్వార్టర్ పడితే గానీ కుదురుకోని వాళ్లు, ఇంట్లో తలుపు వేసుకుని ఒక్కసారిగా మానేయకూడదు. ఆపిన మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, ఫిట్స్, లేనివి కనిపించడం, తికమక మాటలు రావచ్చు. ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి అది. "గాలి సోకింది" అని తిప్పుకుంటూ కూర్చుంటే విలువైన గంటలు పోతాయి. డాక్టర్ దగ్గరుండి మందులతో కొద్ది రోజుల్లో దించుతారు.

కల్లు సంగతి ఉత్తర తెలంగాణ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చెట్టు కల్లు వేరు, అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలిపిన కల్లు వేరు. రెండోది ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, పిచ్చిగా ప్రవర్తిస్తారు. కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలు మూతపడినప్పుడు నిజామాబాద్ వైపు ఊళ్లలో జనం ఇలా ఆసుపత్రుల పాలైన సంగతి గుర్తుండే ఉంటుంది. నిద్ర మాత్రలకు అలవాటు పడ్డవాళ్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. "పిచ్చి డాక్టరా?" అని వెనక్కి తగ్గకండి, వ్యసనాల మందులు చూసేది వాళ్లే. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబర్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు వ్యసనాలకు 14446, పొగాకు మానడానికి 1800-11-2356. అన్నీ ఉచితమే. ఫోన్ చేయడం కూడా కుడి పక్క రాయాల్సిన పనే.

మూడో మెట్టు: వారం రోజులు ఏమీ మానకండి

చిన్న నోట్‌బుక్ కొని జేబులో పెట్టుకోండి. వారం పాటు అలవాటును ఆపొద్దు, రాయండి చాలు. టైమ్ ఎంత, ఎక్కడ ఉన్నారు, పక్కన ఎవరు, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఎలా అనిపించింది. ఫోన్లో రాయొచ్చు కదా అంటారు. ఫోన్ తీస్తే నోట్స్‌కి వెళ్లే ముందు రీల్స్ దగ్గర ఆగిపోతారు, కాగితమే మేలు.

కాజీపేట స్టేషన్ బయట ఆటో నడిపే ఒకాయన గుట్కా మానాలనుకున్నాడని ఊహించుకుందాం. ఆయన నోట్‌బుక్ ఇలా ఉండొచ్చు:

పొద్దున 6.10, స్టేషన్ అడ్డా. బండి ఇంకా రాలేదు. ఊరికే కూర్చున్న. ఒకటి.
7.40, అడ్డా. రైలు లేటు. పక్క ఆటో ఆయన ఇచ్చిండు. ఒకటి.
9 నుంచి 12 దాకా గిరాకీ ఎక్కువ. గుర్తుకు రాలేదు.
మధ్యాహ్నం 1.30, తిన్నంక. ఒకటి.
సాయంత్రం 4, సిగ్నల్ దగ్గర బస్సు డ్రైవర్‌తో లొల్లి. రెండు.

తనకు రోజంతా గుట్కా కావాలని ఇన్నాళ్లూ ఆయన అనుకుంటున్నాడు. తీరా చూస్తే గిరాకీ ఉన్న మూడు గంటలూ అది గుర్తే రాలేదు. ఆయన నములుతున్నది ఎక్కువగా ఎదురుచూపును. తిన్న తర్వాతది వేరే, కోపం వచ్చినప్పటిది వేరే. పైకి ఒక్కటిగా కనబడేది లోపల మూడు అలవాట్లు, మూడింటికీ మూడు వేర్వేరు మందులు కావాలి. ఈ వారం రాతలో బయటపడేది ఇదే, అందుకే ఈ మెట్టు మీద ఇంత నొక్కి చెప్తున్నాను. చాలామంది దీన్ని వదిలేసి ఉగాది నాడో, పుట్టినరోజు నాడో నేరుగా మానేయడానికి దిగుతారు. అడ్డాలో ఖాళీ గంట ఎదురైనప్పుడు ఏం చేయాలో వాళ్లకు తెలియదు.

అరిచే అలవాటుకూ ఇదే పద్ధతి. రాసి చూస్తే చాలామందికి పిల్లల అల్లరికంటే ముందు ఆకలి, నిద్రలేమి, లేదా ఆఫీసులో పడ్డ మాట కనిపిస్తుంది.

నాలుగో మెట్టు: ఖాళీ చోట ఏం పెట్టాలి

తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టకపోతే పాతదే వచ్చి కూర్చుంటుంది. పెట్టేది పాతది తీర్చిన అవసరాన్ని కొంతైనా తీర్చాలి. ఎదురుచూపుకైతే నోట్లో సోంపు, లవంగం, వేయించిన పల్లీలు. తిన్న తర్వాతైతే వెంటనే పళ్లు తోముకోవడం. ఎగతాళి అనుకోకండి, నోరు శుభ్రంగా ఉంటే గుట్కా వేయాలనిపించడం బాగా తగ్గుతుంది. కోపానికైతే బండి పక్కకు ఆపి, దిగి, నీళ్లు తాగి మళ్లీ ఎక్కడం. గుట్కా బదులు వట్టి వక్క నమిలితే మారిందేమీ లేదు, వక్కతో కూడా నోటి క్యాన్సర్ వస్తుంది. సిగరెట్ బదులు రోజుకు ఎనిమిది టీలు కూడా వద్దు.

ఇప్పుడు ఒక్కో సందర్భానికి ఒక్కో వాక్యం రాయండి. "ఇలా అయితే, ఇలా చేస్తా" అన్న మూసలో ఉండాలి. "రైలు లేటైతే సోంపు డబ్బా తీస్తా." "రాత్రి పదైతే ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి పడకగదిలోకి పోతా." "గొంతు పెరుగుతోందని తెలిస్తే వంటింట్లోకి పోయి గ్లాసు నీళ్లు తాగుతా." పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990ల నుంచి ఇలాంటి వాక్యాల మీదే పరిశోధన చేశాడు. "మానేయాలి" అన్న ఉత్త నిర్ణయం కన్నా, సందర్భాన్నీ చేయాల్సిన పనినీ ముందే జతచేసుకున్న వాళ్లు ఎక్కువగా నిలబడతారని తేలింది. ఆ క్షణంలో ఆలోచించాల్సిన అవసరం పోవడమే ఇందులో కిటుకు.

గోళ్లు కొరకడం, జుట్టు పీక్కోవడం లాంటి వాటికి 1973 నుంచి వాడుకలో ఉన్న చికిత్స ఒకటుంది. చెయ్యి నోటి దగ్గరకు వెళ్తోందని గమనించగానే రెండు పిడికిళ్లు బిగించి నిమిషం పైన అలాగే ఉంచాలి. పిడికిలి బిగించిన చేత్తో గోరు కొరకలేరు, అంతే.

ఐదో మెట్టు: ఇల్లు, దారి, డబ్బు

మనసును ప్రతిరోజూ గెలవడం కష్టం, వస్తువులను ఒక్కసారి జరిపితే చాలు. ఇంట్లో, బండి డిక్కీలో, ఆఫీసు డ్రాయర్‌లో ఉన్నవన్నీ పారేయండి. "అవసరానికి ఒకటి" అని దాచినదే మొదటి వారంలో బయటికొస్తుంది. పాన్ డబ్బా ముందు నుంచి పోయే దారి మార్చండి, రెండు కిలోమీటర్లు చుట్టైనా సరే. పంట అమ్మిన రోజు ఒంటరిగా పోకండి, డబ్బు చేతికి కాకుండా ఖాతాలో పడేలా చూసుకోండి. ఫోన్‌కైతే పెద్ద ఖర్చున్న చిట్కా ఏదీ అక్కర్లేదు, పాత అలారం గడియారం ఒకటి కొంటే చాలు. పొద్దున లేవడానికి ఫోన్ కావాలన్న సాకుతోనే అది దిండు పక్కకు చేరింది.

ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ అలవాటున్నవాళ్లు యాప్ తీసేస్తే సరిపోదు. డబ్బు పోయే దారి మూయాలి. యూపీఐ ఉన్న ఖాతాలో వారం ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచి, జీతం వేరే ఖాతాలో వేయించుకోండి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది. పోయిన డబ్బు కోసం అప్పు చేసి మళ్లీ ఆడితే వచ్చేది ఇంకో అప్పే.

ఆరో మెట్టు: దోస్తులు, దసరా, దావత్‌లు

తెలంగాణలో మందు మానాలంటే మందుకన్నా పెద్ద అడ్డు మర్యాద. దసరా నాడు జమ్మి పెట్టుకుని అలయ్ బలయ్ అయ్యాక యాట కూర, మందు లేకుండా పండుగేంటన్న ఇళ్లు చాలా ఉన్నాయి. పెళ్లి, పుట్టువెంట్రుకలు, మేడారం జాతర, కొత్త బండి, చివరికి దినాలకు కూడా గ్లాసు తిరుగుతుంది. అక్కడ మీరు ఏం అనబోతున్నారో ఇంటి దగ్గరే అనుకుని పోవాలి.

మాట చిన్నదిగా ఉండాలి. "మానేసిన అన్నా." అంతే. ఎందుకని అడిగితే "నాకు పడ్తలేదు, మానేసిన." కారణాలు చెప్పిన కొద్దీ వాదించడానికి ఎదుటివాళ్లకు చోటు దొరుకుతుంది. గ్లాసు ఖాళీగా ఉండనివ్వకండి, సోడా ఏదో ఒకటి పోసి చేతిలో పట్టుకోండి. వడ్డించే పని మీద వేసుకోవడం ఇంకా మంచిది, మటన్ గిన్నె పట్టుకుని తిరిగేవాణ్ని కూర్చోమని ఎవరూ బలవంతం చేయరు. తొమ్మిదింటికి బయల్దేరడానికి ముందే ఆటో మాట్లాడి పెట్టుకోండి. మొదటి రెండు నెలల్లో కొన్ని దావత్‌లకు పోకపోయినా ఎవరూ చచ్చిపోరు.

ఒక్క మనిషికి మాత్రం నిజం పూర్తిగా చెప్పి పెట్టుకోండి. ఇంట్లోవాళ్లు కాకుండా, అదే అలవాటు మానిన బావనో, పాత క్లాస్‌మేటో అయితే బాగుంటుంది. ఆయన పని కాపలా కాదు. వారానికోసారి మీ నోట్‌బుక్ గురించి అడగాలి, ఎప్పుడైనా ఫోన్ చేస్తే ఎత్తాలి.

ఊరంతా కలిసి నిలబడితే ఒక్కడి బరువు తగ్గుతుంది. గీసుకొండ మండలం గంగదేవిపల్లి 1980ల్లో ఊళ్లో మద్యం వద్దని తనకు తాను కట్టుబాటు పెట్టుకుంది, ఆదర్శ గ్రామంగా దేశమంతటా పేరు తెచ్చుకుంది. 1995లో ఉమ్మడి రాష్ట్రమంతటికీ సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. రెంటినీ పోల్చడం పూర్తిగా సరికాదు, ప్రభుత్వానికి ఆదాయం, దొంగసారా లాంటి చిక్కులు ఊరికి ఉండవు. అయినా పైనుంచి వచ్చిన జీవో కన్నా ఊరివాళ్లు కూర్చుని ఒప్పుకున్న మాట ఎక్కువ కాలం నిలబడింది.

ఏడో మెట్టు: మొదటి వారాలు, తప్పిన రోజు

పొగాకు మానిన వాళ్లకు మొదటి వారం గట్టిది. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆకలి పెరగడం ఉంటాయి. మెల్లమెల్లగా మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. కోరిక ఒక్కోసారి ఉప్పెనలా వచ్చినా సాధారణంగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. అంతసేపు ఏదైనా చేయండి, నడవండి, ఆ మనిషికి ఫోన్ చేయండి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని చూయింగ్ గమ్‌లా ఆగకుండా నమలకూడదు. కొంచెం నమిలి, ఘాటు తెలియగానే చెంపకు ఆనించి ఉంచాలి, తగ్గాక మళ్లీ నమలాలి. నమలడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగొద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ను అడగాలి.

ఎన్నాళ్లకు అలవాటు మారుతుంది? 41 అనేది దీక్షకు సంబంధించిన లెక్క, మెదడుకు దానితో పనిలేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది కొత్త అలవాట్లు చేసుకుంటుంటే గమనించారు. అది ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. అవి నీళ్లు తాగడం, పండు తినడం, నడవడం లాంటి మామూలు పనులు, వ్యసనాలు కావు. కాబట్టి మూడు నెలలకు కూడా కష్టంగా ఉంటే మీలో ఏదో లోపం ఉందనుకోనక్కర్లేదు. ఆ పరిశోధనలోనే ఇంకో మంచి మాట ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదురుకోవడం పెద్దగా దెబ్బతినలేదు.

దెబ్బ తీసేది తప్పిన రోజు కాదు, ఆ రాత్రి వచ్చే ఆలోచన. "ఎట్లాగూ తప్పింది, ఇక ఈ నెలకు వదిలేద్దాం, వచ్చే ఒకటో తారీకు నుంచి చూద్దాం." ఒక సిగరెట్ పెట్టెగా, ఒక పెగ్గు వారంగా మారేది అక్కడే. అందుకని తప్పిన రోజు ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోండి: మిగిలింది అప్పుడే పారేయడం, నోట్‌బుక్‌లో టైమ్, చోటు, ముందు జరిగింది రాయడం, ఆ మనిషికి ఫోన్ చేసి చెప్పడం, ఆ సందర్భానికి రాసిన "అయితే" వాక్యాన్ని మార్చడం. అరిచిన రోజైతే ఇంకొకటి కలపాలి, ఎవరి మీద అరిచారో వాళ్లకు అదే రోజు క్షమాపణ చెప్పడం. "సారీ, కానీ నువ్వు కూడా..." అని మొదలుపెడితే అది క్షమాపణ కాదు, రెండో రౌండు.

దీక్ష చేసే అలవాటున్నవాళ్లు ఒక పని చేయొచ్చు. మాల తీసే వారం ముందే కూర్చుని, ఆ 41 రోజుల్లో ఏవేవి మిమ్మల్ని ఆపాయో రాయండి. అందులో రెంటిని దీక్ష తర్వాత కూడా ఉంచుకోండి. తెల్లవారుజామున లేవడం ఒకటి కావచ్చు. భజన జరిగిన ఆ సాయంత్రం గంట రెండోది కావచ్చు, అదే మనుషులతో వడ్డేపల్లి చెరువు కట్ట మీదో, భద్రకాళి బండ్ మీదో నడిస్తే సరిపోతుంది. ఆ గంట ఖాళీగా వదిలితే ఏం జరుగుతుందో మీ నోట్‌బుక్‌లో ఇప్పటికే ఉంది.

రెండో అలవాటు ఎప్పుడు?

మొదటిది కుదురుకోకముందే రెండోదాన్ని పట్టుకోవద్దు. నోట్‌బుక్ తెరవకుండానే వారాలు గడిచిపోతున్నాయంటే కుదురుకున్నట్టే లెక్క. జంటగా తిరిగే అలవాట్లు మాత్రం ఇందుకు మినహాయింపు. మందు తాగినప్పుడు మాత్రమే సిగరెట్ కాల్చేవాడు రెండూ ఒకేసారి మానడమే సులువు, ఒకటి ఉంటే రెండోది పిలుస్తుంది. రాత్రి ఫోన్, పొద్దున లేటు లేవడం కూడా అలాంటి జంటే. పాత నోట్‌బుక్ పారేయకండి. కొత్తదానికి మళ్లీ మొదటి వారం రాసేటప్పుడు పాత పేజీలు పక్కన పెట్టుకుని చూడండి. అదే టైమ్, అదే అడ్డా, అదే మనుషులు మళ్లీ కనబడితే ఈసారి ఐదో మెట్టు నుంచే మొదలుపెట్టొచ్చు.